ముందే మిగిలిన దాణా

పాండురంగానికి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. బయటికి అంటే దేవుణ్ని తప్పుపట్టినట్టవుతుందని లోపలే ఉంచుకున్నాడు. కోడి తిన్నదంతా కోడికి ఎందుకు ఒంటబట్టదు అన్నది ఆ సందేహం.

తాండూరు రోడ్డు పక్కన నాపరాళ్లతో గోడలు నిలబెట్టి, పైన రేకులు వేసి, అతనొక కోళ్ల షెడ్డు నడుపుతున్నాడు. అన్నీ గుడ్లు పెట్టే కోళ్లు. పొద్దున లేస్తూనే పద్మనాభస్వామి పటానికి దండం పెట్టుకుని, తర్వాత పార పట్టుకుని పంజరాల కింద పెంట ఎత్తుతాడు. ఎత్తిన ప్రతిసారీ అందులో పసుపుపచ్చగా మక్కల నలుసులు కనబడతాయి. మొక్కజొన్న కొనుక్కొచ్చి, మర పట్టించి, సోయా చెక్క కలిపి, సున్నపురాయి పొడి చల్లి పెట్టిన దాణాలో కొంత భాగం ఏ పనీ చేయకుండా ఇటు నుంచి దూరి అటు నుంచి వెళ్లిపోతోంది. ఏనుగు దగ్గర్నుంచి చీమ దాకా అంత శ్రద్ధగా చేసిన స్వామి, కోడి కడుపు దగ్గరికొచ్చేసరికి ఎందుకు తొందరపడ్డాడు?

ఒకసారి ఆ స్వామి ఉన్న అనంతగిరి కొండకు వెళ్లినప్పుడు ధైర్యం చేసి గుళ్లో అయ్యగారినే అడిగాడు. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించి, "కొండ మీద కోడి మాటెత్తొద్దు నాయనా" అన్నారు. పాండురంగం లెంపలేసుకుని కొండ దిగాడు. సందేహం అతనితోపాటే దిగింది.

దానికి జవాబు చివరికి వికారాబాద్‌లో, మంత్రిగారి నోట దొరికింది.

ఆ సభకు అతన్ని తీసుకెళ్లినవాడు బాల్‌రాజ్. బాల్‌రాజ్ వాళ్ల మండలంలో అధికార పార్టీ కార్యకర్త. ఏ పథకమైనా ఊళ్లోకి రావడానికి ముందు అతను వస్తాడు. పథకం వెళ్లిపోయాక కూడా కొన్నాళ్లుంటాడు. సభాస్థలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద మంత్రిగారూ, ఒక తెల్ల కోడీ ఒకే ఎత్తులో ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు ఆదరంగా చూసుకుంటున్నారు.

మంత్రిగారు మైకు అందుకుని, "ఇయ్యాల్టి సంది ఈ జిల్లాల కోడి తిన్న ఒక్క గింజ సుత వృథా కాదు!" అని ప్రకటించారు.

చప్పట్లు మోగాయి.

"కుక్కుట సంపూర్ణ జీర్ణ మిషన్! దేశంలనే మొదటిసారి! ఎంజైమ్ అనే పొడిని ప్రతి రైతుకు ఉచితంగ ఇస్తం. దాణాల కలిపితే పదోవంతు ఖర్చు తగ్గుతది. నేనడుగుతున్న, డెబ్బై ఏండ్లల్ల ఒక్క ప్రభుత్వమన్న కోడి కడుపుల ఏమున్నదో చూసిందా?"

"మేం చూసినం సార్, కోసినంక" అని వెనక వరసలో ఎవరో అన్నారు. పోలీసాయన అటు తిరిగి చూశాడు. వరస మొత్తం మంత్రిగారి వైపు భక్తిగా చూస్తోంది.

పాండురంగం రెండు చేతులూ జోడించాడు. మనసు తేలికపడింది. కోడి కడుపు విషయంలో తప్పు స్వామిది కాదు, గత ప్రభుత్వాలది.

అతని సంతోషానికి ఇంటి కారణం కూడా ఒకటి ఉంది. మక్కల ధర పెరిగింది, సోయా ధర పెరిగింది, గుడ్డు ధర మాత్రం ఉన్నచోటే కూర్చుంది. కిందటి వారమే అతని భార్య భాగమ్మ చేటలో నూకలు చెరుగుతూ తీర్పు చెప్పింది.

"దసర దాక చూస్త. గప్పటికి దాణా ఖర్సు దిగకపోతే కోళ్లన్నిటిని ఇబ్రహీం భాయ్ లారీ ఎక్కిస్త. ఎక్కించినంక నిన్నేం చెయ్యాల్నో ఆలోచన చేస్త."

ఇబ్రహీం బషీరాబాద్ మనిషి. గుడ్లు తగ్గిపోయిన కోళ్లను షెడ్లలో కొని రాష్ట్ర సరిహద్దు అవతలి సంతలకు పంపుతాడు. అతని లారీ షెడ్డు ముందు ఆగిందంటే లోపలి కోళ్లకు అదే చివరి ప్రయాణం. పాండురంగం కోళ్లు ఇంకా ఈడులో ఉన్నాయి. ఖర్చు కాస్త దిగితే ఇంకో ఏడాది గుడ్లు పెడతాయి. ఆ షెడ్డు పోతే అతనికి చేతనైన పని ఇంకొకటి లేదు.

సభ అయ్యాక చాయ్ బండి దగ్గర పశువుల డాక్టరమ్మ జ్యోతిరాణి కనిపించింది. ఆ పొడి నిజంగా పనిచేస్తుందా అని అడిగాడు.

"పని చేస్తది కాకా, మంచిగ చేస్తది" అందామె. "మక్కల్ల, తవుడుల, సోయాల కొంత సత్తువ తాళమేసిన పెట్టెల ఉన్నట్టు ఉంటది. కోడి కాడ ఆ తాళంచెవి లేదు. గీ పొడే తాళంచెవి. టన్ను దాణాకు అరకిలో సుత పట్టదు. అది కలిపినంక సోయా కొంత తగ్గించుకోవచ్చు, భాస్వరం పొడి కొంత తగ్గించుకోవచ్చు. ఒక్కటే మాట యాదిల పెట్టుకో. ముందుగాల పొడి కలపాలె. తర్వాతనే తగ్గించాలె."

"గంతే గదమ్మా. గది ఎవ్వలకన్న సమజైతది" అన్నాడు పాండురంగం.

వారం తిరగకముందే బాల్‌రాజ్ బండి షెడ్డు ముందు ఆగింది. బండి ముందు బోర్డు మారింది. 'మండల కన్వీనర్, సంపూర్ణ జీర్ణ మిషన్' అని ఉంది.

"కాకా, కంగ్రాట్స్! నీకు దాణా పదోవంతు మిగిలింది."

పాండురంగం షెడ్డులోకి తొంగి చూశాడు. "ఏడ మిగిలింది బాల్‌రాజు?"

"తాండూరు గోదాముల."

విషయం ఏమిటంటే, చిన్న షెడ్ల వాళ్లకు నెలనెలా రాయితీ మక్కలు తాండూరు గోదాము నుంచి వస్తాయి. ఈ నెల నుంచి అందులో పదోవంతు కోత పెట్టారు. దాన్ని కోత అనకూడదని బాల్‌రాజ్ సవరించాడు. మిగులు అనాలట.

"ఎంజైమ్ కలిపితే పదోవంతు మిగుల్తదా, మిగలదా?"

"మిగుల్తదట."

"మిగిలినదాన్ని నువ్వేం చేస్తవ్? ఎలుకలు తింటయి, చెద పడ్తది. గందుకే గవర్నమెంట్ నీ మిగులును ముందుగాల్నే తీసి భద్రం చేసింది. ఎంత దూరం ఆలోచించిన్రో చూడు!"

"మంచిదే. మరి ఎంజైమ్?"

"వస్తది."

"వచ్చినంక తీసుకుంటే..."

బాల్‌రాజ్ ముఖంలో బాధ కనిపించింది. "కాకా, పొద్దున లేస్తే దేవునికి దండం పెడ్తవు. దేవుడు కనబడ్డడా? కనబడకున్నా నమ్ముతున్నవ్ గద. గవర్నమెంట్ అంటెనే నీకు అనుమానమా?"

 నమ్మకం లేనివాడని ఇంతవరకు పాండురంగాన్ని ఎవరూ అనలేదు. ఆ నెల కోళ్లకు పదోవంతు తక్కువ మేత వేసి, ప్రతి పంజరం ముందూ కాసేపు నిలబడ్డాడు. కోళ్లు తొట్టి ఖాళీ చేసి, మెడలు బయటికి చాచి, అతని వైపు చూశాయి. వాటికి మిషన్ గురించి ఎవరూ చెప్పలేదు.

*

ఎంజైమ్ వచ్చిందన్న కబురు వానలతోపాటు వచ్చింది. పాండురంగం రైలెక్కి వికారాబాద్ వెళ్లాడు.

మిషన్‌కు ఒక ప్రత్యేకాధికారిని వేశారు. ఆయన పద్ధతి గల మనిషి. అట్టపెట్టెల మీద 'చల్లని, పొడి ప్రదేశంలో నిల్వ చేయవలెను' అని రాసి ఉండటం ఆయన స్వయంగా చదివారు. చదివి, జిల్లా మొత్తంలో మిషన్‌కు సంబంధించిన చల్లని ప్రదేశం ఏదా అని విచారణ చేయించారు. తన చాంబర్ ఒక్కటే అని తేలింది. వెంటనే చాంబర్‌లోని సోఫాలు తీయించి, పెట్టెలన్నీ అక్కడ పేర్పించారు. ఇప్పుడు ఆయన పెట్టెల మధ్య ఒక సందులో కూర్చుంటున్నారు. ఏసీ రేయింబవళ్లు నడుస్తోంది. కరెంటు పోతే ఎంజైమ్ చచ్చిపోతుందని మిషన్ నిధులతో జనరేటర్ కొన్నారు. జనరేటర్ తడవకుండా దానికో షెడ్డు కట్టారు. ఒకప్పుడు ఎప్పుడు వెళ్లినా అధికారులు క్యాంపులో ఉండేవారని ఫిర్యాదులుండేవి. ఇప్పుడు ఉక్క పెరిగేకొద్దీ ఆయన కుర్చీ వదలడం లేదని జనం మెచ్చుకుంటున్నారు.

పాండురంగం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. గర్భగుడిలోకి వెళ్లినట్టు అనిపించింది. చేతులు వాటంతటవే జోడయ్యాయి.

"సార్, తాండూరు కాడికెల్లి వచ్చిన. ఒక్క పొట్లమిస్తే..."

"ఇస్తే?" అన్నారు అధికారి, పెట్టెల మీదుగా.

"దాణాల కలుపుకుంట సార్."

"మీ షెడ్డులో ఏసీ ఉందా?"

"లేదు సార్. రేకుల షెడ్డు."

"చూశారా? కోళ్లు వేడిలో ఉంటాయి. ఎంజైమ్ చల్లగా ఉండాలి. ఈ రెండింటినీ ఒకచోటికి ఎలా తేవాలన్నదే ఇప్పుడు మా ముందున్న సమస్య. కమిటీ వేశాం."

"డాక్టరమ్మ చెప్పింది సార్, కొన్ని దినాలు నీడకు పెట్టుకున్నా ఏం కాదట..."

"జ్యోతిరాణి గారా?" అధికారి చిరునవ్వు నవ్వారు. "ఆమె చాలా తెలివైన డాక్టర్. ముందు పొడి ఇచ్చి తర్వాత మక్కలు తగ్గించాలని మాకొక లేఖ కూడా రాశారు. అంత చురుకైన వాళ్లను కోళ్ల దగ్గర ఉంచితే అన్యాయమని గొర్రెల విభాగానికి పంపించాం."

పాండురంగం జేబు తడుముకున్నాడు. చల్లగాలికి ఒళ్లు జలదరించింది.

"సార్, హైదరాబాదుల దుకాణంల దొరుకుతదట. నా పైసలతోటి నేనే కొనుక్కుంటె?"

అధికారి పెన్ను కింద పెట్టారు. "ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంటే మీరు కొంటారా? జనం ఏమనుకుంటారు, ప్రభుత్వం ఇవ్వలేదనుకోరూ? బయట కొన్నవాళ్లను మిషన్ నుంచి తీసేస్తాం. రాయితీ మక్కలు మొత్తం ఆగిపోతాయి. మీ మంచికే చెబుతున్నా."

"వద్దు సార్, కొనను."

"కావాలంటే ఒకసారి తాకి వెళ్లండి."

పాండురంగం ఒక పెట్టెను తాకి, చేయి కళ్లకద్దుకుని, బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక భాగమ్మ అడిగింది. "తెచ్చినవా?"

"చూసొచ్చిన."

"చూసొచ్చినవా! పెండ్లిపిల్లనా చూసి వచ్చేటందుకు?"

"మస్తు సల్లగున్నది" అన్నాడు పాండురంగం. అంతకుమించి అతను చూసింది ఏమీ లేదు.

*

ప్రజలకు నమ్మకం కలిగించడానికి మంత్రిగారే స్వయంగా ఒక షెడ్డుకు వచ్చి ఎంజైమ్ కలిపి చూపిస్తారని ప్రకటన వచ్చింది. పాండురంగం షెడ్డును ఎంపిక చేశారు. షెడ్డు బాగుందని కాదు. దాని ముందు పదిహేను కార్లు నిలబెట్టే జాగా ఉంది.

పాండురంగానికి మళ్లీ ఆశ పుట్టింది. కార్యక్రమం పేరుకైనా ఒక పొట్లం షెడ్డులోకి వస్తుంది. వచ్చిన పొట్లం దాణాలో కలిస్తే ఆ పూటకైనా తాళం తెరుచుకుంటుంది. ఒక్క పొట్లంతో అతని కోళ్లకు నెల గడుస్తుంది. దసరా ఇంకా కొన్ని వారాలు ఉంది.

ముందు రోజే బాల్‌రాజ్ మనుషులు దిగారు. పంజరాలకు రంగు కాగితాలు కట్టారు. డప్పుల వాళ్లు వచ్చారు, బ్యాండు వాళ్లు వచ్చారు. ఆకాశం నుంచి ఫొటోలు తీసే డ్రోన్ వచ్చింది. టపాకాయల సంచీ చూసి పాండురంగం బాల్‌రాజ్‌ని పక్కకు పిలిచాడు.

"బాల్‌రాజు, గివన్ని వద్దు బిడ్డా. కోళ్లు బెదుర్తయి. బెదిరితే మేత ముట్టయి."

"మంత్రిగారొస్తుంటే కలెక్టరాఫీసే బెదుర్తది కాకా. కోళ్లు బెదరకుంటే మర్యాదేనా?"

ఎంజైమ్ పొట్లం వికారాబాద్ నుంచి ఐసు డబ్బాలో, ఏసీ కారులో, ముందొక జీపు వెనకొక జీపు తోడుగా వచ్చింది. ఇత్తడి పళ్లెంలో పెట్టి, పసుపు కుంకుమ అద్ది, ఎర్ర రిబ్బన్ చుట్టారు. భాగమ్మ హారతి ఇచ్చింది. మంత్రిగారు కత్తెర తీసుకుని రిబ్బన్ కత్తిరించారు. డప్పులు మోగాయి. ఫొటోలు పడ్డాయి. పాండురంగం దాణా గంప పట్టుకుని, పొట్లం ఎప్పుడు విప్పుతారా అని ముందుకు వంగి నిలబడ్డాడు.

ప్రత్యేకాధికారి చేతి గడియారం చూసి కంగారు పడ్డారు. "సార్, బయటికి తీసి చాలాసేపైంది. ఎంజైమ్ వేడెక్కుతోంది." వెంటనే పొట్లాన్ని ఐసు డబ్బాలో పెట్టి మూత వేశారు. డబ్బా కారెక్కింది. కారు బయల్దేరింది. జీపులు ముందొకటి, వెనకొకటి.

"సార్, కలపలేదు" అన్నాడు పాండురంగం. డప్పుల చప్పుడులో ఆ మాట అతనికే వినబడలేదు.

ఉన్న దాణానే తొట్లలో పోశారు. అదే క్షణాన బయట టపాకాయలు పేలాయి, డ్రోన్ కిటికీ దగ్గరికి వచ్చి గిర్రుమంది. షెడ్డులోని కోళ్లన్నీ ఒక్కసారిగా కేకపెట్టి పంజరాల వెనక్కి దూకి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తర్వాత ఒక్క కోడి కూడా తొట్టి దగ్గరికి రాలేదు.

మంత్రిగారు తొట్టిలోకి చూశారు. పోసిన దాణా పోసినట్టే ఉంది.

"ఎందుకు తింటలేవు?"

 పాండురంగం గొంతు సవరించుకునేలోపు ప్రత్యేకాధికారి ఒక అడుగు ముందుకు వేశారు.

"ఎంజైమ్ ప్రభావం సార్."

"కలపలేదు గద?"

"దగ్గరికి రాగానే మొదలైంది సార్. పదోవంతు తగ్గుతుందని అంచనా వేశాం. ఇక్కడ చూస్తే," అధికారి తొట్టి వైపు చేయి చాపారు, "మొత్తానికి మొత్తం తగ్గింది."

మంత్రిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పక్కనున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. పాండురంగం "బెదిరినయి సార్" అనబోయాడు. బాల్‌రాజ్ అతని భుజం మీద చేయి వేసి, మెడ దగ్గర గట్టిగా నొక్కి, "కాకకు సంతోషంతోటి మాట వస్తలేదు సార్" అన్నాడు.

మర్నాడు పేపర్లలో ఖాళీ కాని తొట్టి ఫొటో పెద్దగా పడింది. ఆ వారమంతా కోళ్లు సరిగా తినలేదు. పెట్టిన కాసిని గుడ్లు చేత్తో పట్టుకుంటే నొక్కుకుపోయేంత మెత్తగా ఉన్నాయి. ఇంతలో గోదాము నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. జిల్లా లక్ష్యానికి మించి సాధించింది కాబట్టి రాయితీ మక్కలను సగానికి సగం 'మిగులు' కింద తీసుకుంటున్నారు. అందులో పాండురంగం పేరు ప్రత్యేకంగా ప్రస్తావించారు.

*

భాగమ్మ మాట అంటే మాటే. దసరాకు ముందు శుక్రవారం పొద్దున ఇబ్రహీం లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది.

కోళ్లను తూకం వేసి కొనేవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. తూకానికి ముందు మేత పెడితే బరువు ఎక్కువ తూగుతుంది. అందుకని ఇబ్రహీం అలవాటుగా అడిగాడు.

"భాయ్, పొద్దుగాల మేత పెట్టలేదు గద?"

"పెట్టేటందుకు ఏమున్నది భాయ్" అన్నాడు పాండురంగం.

ఇబ్రహీం ఒక కోడిని చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక తడిమి చూశాడు. ఇంకో కోడిని తీసుకున్నాడు. దాన్ని కిందికి దించలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"యా అల్లా. గివి కోళ్లా, ఈకలా? బిమారి గిట్ల ఏమన్న వచ్చిందా?"

"బిమారి కాదు. పథకమొచ్చింది."

"గదెట్ల పోతది?"

"ఏమో భాయ్. టైమ్ పడ్తదేమో."

భాగమ్మ గడపలో నిలబడి చూస్తోంది. లారీ ఎక్కించమన్నది తనే అయినా, చివరి పంజరం ఖాళీ అవుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇబ్రహీం తూకంలో బేరమాడలేదు. లారీ వెళ్లాక షెడ్డులో రంగు కాగితాలు మాత్రం గాలికి ఊగాయి. పాండురంగం పార పట్టుకుని పంజరాల కింద మిగిలిన పెంట అంతా శుభ్రంగా ఎత్తాడు. ఆ రోజు అందులో మక్కల నలుసులు కనిపించలేదు.

దసరా వెళ్లిన మూడో నాడు బాల్‌రాజ్ వచ్చాడు. మిషన్ తరఫున ప్రతి షెడ్డు తిరిగి దాణా ఖర్చు కనుక్కుంటున్నాడు.

"కాకా, గీ నెల దాణా ఎంతైంది?"

"ఏం కాలేదు."

"ఏం కాలేదంటే?"

"అంటే ఏం లేదు బాల్‌రాజు. సున్న."

బాల్‌రాజ్ నోరు తెరిచాడు. "సున్ననా! జిల్లాల ఎవ్వనికి రాలేదు కాకా సున్న!"

"కోళ్లు లేవు బిడ్డా. అమ్మేసినం. లోపలికి పోయి చూడు."

"కోళ్ల లెక్క మాకు సంబంధం లేదు కాకా. గది వేరే శాఖ. మాది దాణా మిషన్."

"మరి గుడ్లు?"

"గుడ్లా?" బాల్‌రాజ్ అర్థం కానట్టు చూశాడు. "గుడ్ల ముచ్చట మిషన్‌ల ఎక్కడ లేదు."

అన్నాడే గానీ వెళ్లేముందు షెడ్డులోకి ఒక్కడే వెళ్లి వచ్చాడు. వచ్చి, బండి అద్దం తుడిచాడు. "కాకా, నాకు చెప్పిన పని నేను చేస్తున్న" అన్నాడు.

"ఎరుకే బిడ్డా. చాయ్ తాగి పో" అన్నాడు పాండురంగం.

*

వికారాబాద్‌లో విజయోత్సవ సభ జరిగింది. 'శూన్య దాణా రైతు' బిరుదు ఇవ్వడానికి పాండురంగాన్ని వేదిక మీదికి పిలిచారు. అధికారులు పడిన శ్రమను, ఒక్క పొట్లం కూడా పాడు కాకుండా, ఒక్క పొట్లం కూడా ఖర్చు కాకుండా కాపాడిన ప్రత్యేకాధికారి నిజాయితీని మంత్రిగారు పేరుపేరునా కొనియాడారు. ఎంజైమ్ అంతా ఇప్పటికీ చాంబర్‌లో తాజాగా ఉందని చెప్పినప్పుడు సభ లేచి నిలబడింది.

శాలువా కప్పారు. కోడి బొమ్మ ఉన్న జ్ఞాపిక ఇచ్చారు. కోళ్ల పెంపకాన్ని ప్రోత్సహించడానికి ప్రభుత్వం తరఫున, వెదురు బుట్టలో ఒక నాటుకోడిపెట్టను చేతిలో పెట్టారు. ఎర్ర పెట్ట. రెండు మాటలు మాట్లాడమన్నారు.

పాండురంగం మైకు ముందు నిలబడ్డాడు. అబద్ధమాడటం అతనికి అలవాటు లేదు. దేవుణ్ని తలుచుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నా షెడ్డుల ఇప్పుడు ఒక్క గింజ సుత వృథా అయితలేదు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. మంత్రిగారు అందరికంటే చివర ఆపారు.

సాయంత్రం రైలులో బుట్ట ఒళ్లో పెట్టుకుని తాండూరు వస్తుంటే ఫోన్ మోగింది. బాల్‌రాజ్.

"కాకా, కోడి ఏడున్నది?"

"నా ఒళ్లనే ఉన్నది."

"హమ్మయ్య. జర భద్రంగ పట్టుకో. పొద్దుగాల మనిషిని తోలిస్త, ఇచ్చెయ్యి. రేపు పరిగిల సన్మానమున్నది."

"పరిగిల వాళ్లకు వేరే కోడి లేదా?"

బాల్‌రాజ్ గొంతు తగ్గించాడు.

"మిషన్ మొత్తంల అదొక్కటే కాకా."

రైలు కూత పెట్టింది. "ఇనబడ్తలేదు బాల్‌రాజు" అని పాండురంగం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బుట్టలో నుంచి పెట్ట మెడ బయటికి చాచి చుట్టూ చూసింది. పొదిగే ఈడు పెట్ట. రెక్క కింద వేలు పెడితే వెచ్చగా ఉంది.

తాండూరులో దిగి అతను ఇంటి దారి పట్టలేదు. బషీరాబాద్ పోయే షేర్ ఆటో ఎక్కాడు.

షెడ్డు అనే మాట ఇంకా తలలో లేని కాలంలో, పాండురంగం మొట్టమొదట పన్నెండు గుడ్లు తెచ్చి పొదిగించడానికి పెట్ట లేక తిరుగుతుంటే, ఇబ్రహీం భార్య రహీమాబీ తన ఎర్ర పెట్టను ఇచ్చింది. పిల్లలు లేచాక వాపసు ఇమ్మంది. పిల్లలు లేచాయి గానీ, ఇచ్చే ముందే పెట్టను అడవిపిల్లి ఎత్తుకుపోయింది. తర్వాత ఎన్ని కోళ్లు పెంచినా అవన్నీ పంజరం కోళ్లు. గుడ్డు పెట్టడమే గానీ పొదగడం వాటికి తెలియదు. పొదిగే పెట్టకు బదులు అలాంటిదాన్ని ఎలా ఇస్తాడు? సంతలో కొని ఇద్దామన్నప్పుడల్లా చేతిలో డబ్బు దాణాకే పోయింది. ఆమె ఏనాడూ అడగలేదు. అతను ఏనాడూ మరిచిపోలేదు.

రహీమాబీ వాకిట్లో మంచం మీద కూర్చుని కందులు ఏరుతోంది. జుట్టంతా తెల్లబడింది.

"ఏం తమ్మీ, గీ వేళకు? శాలువ గిట్ల కప్పుకొని!"

పాండురంగం బుట్ట ఆమె ముందు పెట్టాడు. "అక్కా, నీ ఎర్ర పెట్ట."

రహీమాబీ బుట్టలోకి చూసింది. అతని ముఖం చూసింది. పెట్టను రెండు చేతులతో బయటికి తీసి, పొట్ట తడిమి, రెక్క విప్పి చూసి, వాకిట్లో వదిలింది.

"మంచి పెట్ట" అంది. కొంగులో నుంచి గుప్పెడు జొన్నలు తీసి దాని ముందు చల్లింది. "ఇగ లెక్క సాఫ్ తమ్మీ. కూసో, చాయ్ పెడ్త."